అక్క మెడలో ఎవరివో బస్రా ముత్యాలు

మొన్న మా అక్కను వెంటబెట్టుకుని పాతబస్తీలో ఒక దేవిడీ చూడటానికి వెళ్లాను. దేవిడీ అంటే ఒకప్పటి జాగీర్దారుల ఇల్లు. సగం ఎప్పుడో కూలింది. మిగిలిన సగానికి సున్నం కొట్టి, గుమ్మంలో టికెట్టు పెట్టి, అలాంటి ఇళ్లవాళ్ల పాత నగలనూ కత్తులనూ గాజుపెట్టెల్లో సర్ది జనానికి చూపిస్తున్నారు. పేపర్లో వేసిన ఫొటోలో ఏడు పేటల బస్రా ముత్యాల హారం కనిపించింది. చూడగానే గుర్తుపట్టాను. పతకానికి ఎడమ పక్కన ఒక ముత్యం కాస్త సొట్టగా ఉంటుంది. చిన్నప్పుడు ఆ సొట్ట మీద వేలు పెట్టినందుకే బాపు, అంటే మా నాన్న, నా వీపు విమానం మోత మోగించాడు. ఆ హారం చాలాకాలం మా ఇంట్లో, మా అక్క మెడలో ఉంది. మాది కాదు. మాదే అయితే ఇన్ని మాటలెందుకు, ఎప్పుడో అమ్ముకుని హాయిగా తినేవాళ్లం.

అక్క రానంది. "ఏందే నీ లొల్లి? ముసల్దాన్ని ఎండల తిప్పుతవా? ఆ దండ మొకం మస్తు చూసిన, ఇగ చాలు" అంది. నేను వినలేదు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పక్క సీట్లో ఎవరు కూర్చున్నా వాళ్లకు ఆ హారం గురించి గొప్పలు చెప్పాను. మా రాజక్క ఒంటికి తగిలితే చచ్చిన ముత్యం లేచి కూర్చునేదని, అంత చలవ ఒళ్లు మా వంశంలోనే లేదని. ఆ గొప్పను ఒక్కసారి గాజుపెట్టెలో కళ్లారా చూసుకోవాలని నా పిచ్చి. సైదాబాద్‌లో ఆటో మాట్లాడి, చెయ్యి పట్టుకుని ఎక్కించాను. వెళ్లకపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది, కానీ అనిపించి ఏం లాభం, వెళ్లిపోయాం కదా.

మా బాపు పని ముత్యాలు గుచ్చడం. లాల్‌దర్వాజాలో మేం అద్దెకున్న ఇంటికి ముందుగది ఒకటే వెలుతురున్న గది, అది ఆయనది. పొద్దున్నే నేల మీద తెల్లటి దుప్పటి పరిచి, గోడకు ఆనుకుని కూర్చుని, కుడికాలు చాపి, పట్టుదారం కొసను కాలి బొటనవేలికి ముడేసేవాడు. ఆ వేలే ఆయన కొయ్య, ఆయన కొక్కెం. దారానికి మైనం రాస్తూ ఒక్కొక్క ముత్యాన్నీ ఎక్కించి, మధ్యమధ్య ముడి వేస్తూ ఉంటే, ఆ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. ఎండాకాలమైనా ఫ్యాను తిరక్కూడదు. గాలికి ముత్యం దొర్లితే వెతకడం ఎవడి తరం! అమ్మ ఆ గది ఊడ్చిన చెత్తను పారబొయ్యకుండా ఒక ముంతలో పోగుచేసి, వారానికొకసారి పలచటి గుడ్డలో జల్లించేది. పాత దండలు వచ్చినప్పుడు తెగ్గొట్టిన దారాలను పొయ్యిలో వేసేది. మాది జొన్నరొట్టె కాల్చుకునే పొయ్యి. ఆ దారాలు అంటుకోగానే ఎవరో బేగం సాబు పూసుకున్న అత్తరు గుప్పుమనేది. మా రొట్టెల్లో ఆ వాసన కలిసేది. అప్పట్లో నాకది చాలా గొప్పగా ఉండేది.

బాపు చదువుకోలేదు, కానీ ముత్యం దారి మొత్తం ఆయనకు నోటికి వచ్చు. వాళ్ల తాత చెప్పింది ఆయన చెప్పేవాడు. అరబ్బు సముద్రంలో ముక్కు మూసుకునేలా చీల్చిన పుల్ల బిగించుకుని, కాలికి రాయి కట్టుకుని మనుషులు మునిగేవారట. కొందరు పైకి వచ్చేవారు, కొందరు వచ్చేవారు కాదు. ఆ ముత్యాలు బస్రా బజారుకు చేరి, పడవల్లో బొంబాయికి వచ్చి, అక్కడి నుంచి మన షహర్‌కు వచ్చేవి. ఇంకా వెనక్కి వెళితే రోముదాకా, చీనాదాకా పోయేవట. ఇక్కడి నుంచి సన్నబట్ట, వజ్రాలు పోయేవి, అక్కడి నుంచి గుర్రాలు, ముత్యాలు వచ్చేవి. "గింత గింజ కోసం ఎన్ని ఓడలు మునిగినయో ఎరుకనా బిడ్డా?" అని వేలి కొన మీద ముత్యాన్ని పెట్టి మాకు చూపించేవాడు. మునిగిన ఓడల మీద ఆయనకు అంత జాలి ఉండేది. ఇంట్లో మునుగుతున్నది మాత్రం ఆ కళ్లకు ఆనలేదు. ఆనలేదనే మొన్నటిదాకా నేనూ అనుకున్నాను.

దేవిడీల దశ తిరగబడిన కాలం అది. భూములు పోయి, పెట్టెల్లో మూలుగుతున్న నగలు ఒక్కొక్కటే సేట్ల చేతికి వస్తుండేవి. చీకట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న ముత్యానికి కళ పోతుంది, పాత సున్నంలా వెలిసిపోతుంది. అలాంటిది ఎవరూ కొనరు. దానికి మా గల్లీల్లో ఒక వైద్యం ఉండేది. వయసులో ఉన్న కన్నెపిల్ల మెడలో వేసి, ఒంటికి తగిలేలా రాత్రింబవళ్లు ఉంచితే, ఆ ఒంటి చమురు తాగి ముత్యం మళ్లీ బతుకుతుందని నమ్మకం. ఒకప్పుడు ఈ పని దేవిడీల్లో ఉండే అమ్మాయిలు చేసేవారట. వాళ్లు చెదిరిపోయాక సేట్లు మాలాంటి ఇళ్ల వైపు చూశారు. అలా కిషన్ సేటు ఒకరోజు ఎర్రగుడ్డలో ఒక పేట పట్టుకొచ్చి బాపు ముందు పెట్టాడు. నాకు చిన్న వయసు, అమ్మకు పెళ్లయింది. మిగిలింది రాజక్క. అప్పుడే పది పాసైంది.

పది పాసవడం మా వాడలో మామూలు సంగతి కాదు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక నర్సమ్మ ఉండేది. మేమంతా సిస్టరమ్మ అనేవాళ్లం. తెల్లచీర కట్టుకుని, చేతికి గడియారం పెట్టుకుని నడిచి వెళ్తుంటే రాజక్క గుమ్మంలో నిలబడి ఆ చీర కనుమరుగయ్యేదాకా చూసేది. సిస్టరమ్మ పనిచేసే మిషన్ ఆసుపత్రిలో ఆడపిల్లలకు ట్రైనింగు ఇస్తారు, తిండీ పడకా వాళ్లదే. "రాజమ్మను పంపు అన్నా. చెయ్యి మంచిది, గుండె గట్టిది. మా పెద్ద సిస్టర్‌తోని మాట్లాడిన, తీసుకుంటమన్నరు" అని ఆమె బాపుకు చెప్పింది. బాపు సరేనన్నాడు. అక్క ఆ సంతోషంలో నా మోకాలికి ఉత్తుత్తి కట్లు కట్టి విప్పుతూ ఉండేది. నాకు జ్వరమొస్తే ఆమెకు పండగ. అదొక్కటే ఆమె జీవితంలో కోరింది. నాకు తెలిసి ఇంకేదీ కోరలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఎర్రగుడ్డ మూట. "ఈ ఒక్క పేట బిడ్డా. రెండు నెలలల్ల అయిపోతది. ఎట్లన్న ట్రైనింగుకు ఇంక టైమున్నది గద" అన్నాడు బాపు. అక్క తలవంచింది. సేటు తనే ముడి వేసి, ఆ ముడి మీద లక్క కరిగించి ముద్ర కొట్టాడు. మధ్యలో ఎవరూ తీసి ఒక ముత్యం మార్చకుండా అన్నమాట. అంటే సేటు వచ్చి ముద్ర పగలగొట్టేదాకా అది మెడలోంచి రాదు. నమ్మకం అంతే ఉంటే మెడకెందుకు కట్టాలి నాయనా, ఇనుప్పెట్టెకు కట్టుకోరాదూ! అప్పుడు నాకు ఈ బుద్ధి లేదు. మా అక్క రాణీలా ఉందని చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాత రాణీగారి వైభవం వినండి. పౌడరు వద్దు, కొబ్బరినూనె మెడకు తగలొద్దు, నిమ్మకాయ కొయ్యొద్దు, చింతపండు పిసకొద్దు. పులుపు తగిలితే ముత్యం చస్తుంది. గుండీలు మెడదాకా పెట్టిన జాకెట్టు, దానిమీద కొంగు. గడప దాటొద్దు. ఎవరైనా చూస్తే దొంగల భయం, ఎండ తగిలితే చెమట భయం. పక్కకు తిరిగి పడుకుంటే పేట నలుగుతుందని వెల్లకిలా పడుకోవాలి. ఒళ్లు కడుక్కోవడం తడిగుడ్డతో. తలస్నానం మాత్రం తప్పదు కాబట్టి, పీట మీద వంగి కూర్చుంటే అమ్మ కుంకుడు రసం పోసేది, మెడ మీద గుడ్డ చుట్టి. దారం కింద చెమటకాయలు లేచి, గోకలేక ఆమె గోడకు మెడ రాసుకునేది. బాపు చూస్తే "దారం అరుగుతది బిడ్డా" అనేవాడు. దారం అరుగుతుందని!

బోనాలొచ్చాయి. లాల్‌దర్వాజాలో పుట్టిన పిల్లకు బోనాలంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కాళ్లకూ మొహానికీ పసుపు రాసుకోకుండా ఏ ఆడపిల్లా బోనం ఎత్తదు. ముత్యానికి పసుపు సోకితే ఆ మరక జన్మలో పోదు. కాబట్టి మా అక్కకు పసుపు లేదు, బోనం లేదు. తలుపు గడియ వేసి, ఇంట్లో ఆమెనొక్కదాన్నే ఉంచి మేమంతా వెళ్లాం. డప్పులు మా సందులోంచే పోతాయి. పోతురాజు కొరడా చప్పుడు గోడలకు తగులుతుంది. తిరిగొచ్చి చూస్తే అక్క కిటికీ రెక్క సందులో కన్ను పెట్టి నిలబడి ఉంది. నా కాళ్ల పసుపు చూసి, "మంచిగ పూసిందే అమ్మ" అంది. అంతే. ఆ మాటకు నాకు అప్పుడు ఏమీ అనిపించలేదు. పిల్లలకు ఎవరి సంబరం వాళ్లది.

రెండు నెలలని చెప్పిన పేట అంతకంటే ముందే తేటపడింది. సేటు ముద్ర పగలగొట్టి, ముత్యాలను కిటికీ వెలుతురులో తిప్పి చూసి, "సుభానల్లా! క్యా నూర్ హై, ఏం మెరుపు! లచ్చయ్యా, నీ బిడ్డ మామూలు పిల్ల కాదు" అన్నాడు. బాపు మొహం వెలిగిపోయింది. "నా బిడ్డ ఒంట్ల లక్ష్మి ఉన్నది సేటూ" అన్నాడు. అక్క లోపల తన రెండు చీరలు మడతపెట్టుకుంటోంది, మర్నాడు సిస్టరమ్మతో వెళ్లడానికి. సాయంత్రానికి కూలి డబ్బులతో పాటు ఇంకో మూట వచ్చింది. దాని తర్వాత ఇంకొకటి. ఒక మెడ గురించి చార్మినార్ చుట్టూ ఉన్న సేట్లందరికీ తెలిసిపోయింది. సిస్టరమ్మ వచ్చినప్పుడల్లా బాపు, "గీ దండ ఒక్కటి కానీ అమ్మా" అనేవాడు. ఆమె ఓపికగానే వచ్చేది. చివరికి ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, "అన్నా, ఎవలవో దండలు తేటపడుతున్నయి. నీ బిడ్డ వాడిపోతున్నది, అది కనిపిస్తలేదా?" అని అడిగేసింది. బాపు దారానికి మైనం రాస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత వచ్చిందే ఏడు పేటల హారం. అది మెడలో ఉండగానే ట్రైనింగుకు తీసుకునే వయసు దాటిపోయింది. సిస్టరమ్మ మళ్లీ మా ఇంటి వైపు రాలేదు.

అక్కకు పెళ్లి కాలేదా అంటే, అయింది. కాస్త ముదిరాక, దబీర్‌పురా స్టేషన్‌లో పనిచేసే ఒకాయనతో. మంచివాడే. మంచమెక్కి చాలాకాలం ఉన్నాడు, అక్క చేసిన సేవ చూసి డాక్టర్లు "ఎక్కడ పని నేర్చుకున్నారమ్మా" అని అడిగారు. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చేసింది. బాపు అంతకు చాలా ముందే పోయాడు. ఆయన పోయినప్పుడు నేను పొర్లి పొర్లి ఏడ్చాను. అక్క ఏడవలేదు. గుండె గట్టిదని సిస్టరమ్మ ఊరికే అనలేదు అనుకున్నాను.

ఇదిగో, ఇవన్నీ మనసులో పెట్టుకుని మొన్న గాజుపెట్టె ముందు నిలబడ్డాం. మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక అమ్మాయి, మాకు మనవరాలంత ఉంటుంది, సందర్శకులకు చక్కగా చెబుతోంది. సముద్రాలు, రేవులు, ఓడలు, రోము, చీనా, గుర్రాలు, వజ్రాలు. బాపు చెప్పినవే, కాస్త ఇంగ్లీషు కలిపి. చివర్లో, "ముత్యం ఒంటికి తగులుతుంటేనే దాని మెరుపు నిలుస్తుంది. అందుకని ఇలాంటి హారాలను కొన్నాళ్లు దాసీల చేత వేయించేవారు" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాసీ ఏమిటి దాసీ! మా అక్క పది పాసైంది! నోరు తెరవబోతే అక్క నా చెయ్యి గిల్లింది. చూస్తే, నవ్వుతోంది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. ఆ పిల్ల పాపం తడబడి పక్క పెట్టె దగ్గరికి వెళ్లిపోయింది.

"ఏందక్కా?" అన్నాను.

"ఒళ్లు లేదు, మన్ను లేదు. కుంకుడుకాయనే అది" అంది.

నాకు అర్థం కాలేదు. ముంగిట్లో అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. అప్పుడు చెప్పింది, ఇన్నేళ్లకు. మొదటి పేట వేసుకున్న కొత్తలో, తలస్నానం రోజున మెడ గుడ్డ జారి, నురగ ముత్యాల మీదికి పాకింది. అమ్మ చూస్తే తిడుతుందని గబగబా కొంగుతో తుడిచేసింది. తుడిచిన చోట ముత్యం తళుక్కుమంది. ఒంటి చమురుకు నెలలు పడుతుందన్నది, నురగకు ఒక్క తుడుపులో అయింది. ఆ రోజు నుంచి మిగిలిన కుంకుడు రసంలో దూది ముంచి, స్నానాల గదిలో ఒక్కొక్క ముత్యమే తుడుచుకుంటూ వచ్చింది. "జల్దీ తేటపడితే జల్దీ ఇడుస్తరు, సిస్టరమ్మతోని పోవచ్చు అనుకున్న" అంది. విడిచారా? తేటపడిన కొద్దీ ఆ మెడకు పేరొచ్చింది, పేరొచ్చిన కొద్దీ మూటలొచ్చాయి. సరే, తుడవడం మానేసి చూద్దామని ఏడు పేటల హారం వచ్చినప్పుడు ముట్టుకోలేదట. అప్పుడేమో అది ఎంతకీ తేటపడలేదు, సేటు "ఇంకొన్నాళ్లు ఉండనీ" అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ హారం అంత కాలం మా ఇంట్లో ఎందుకుందో నాకిప్పుడు తెలిసింది.

నేను ఆగలేకపోయాను. "బాపుకు చెప్పకపోయినవా అక్కా! బాపు అమాయకుడు. ఒంటి మహిమ అని నిజంగ నమ్మిండు. కుంకుడుకాయ అని తెలిస్తే తెల్లారే నిన్ను పంపేటోడు" అన్నాను.

"చెప్పిన" అంది.

"ఎప్పుడు?"

"సిస్టరమ్మ గుమ్మంల నిలవడి అడిగి పోయిన దినమే. కాళ్లు పట్టుకున్న. బాపూ, నా ఒంట్ల ఏం లేదు, కుంకుడుకాయతోని తుడుస్తున్న, ఎవలు తుడిచినా అయితది, నన్ను పోనియ్యి అన్న."

"ఏమన్నడు?"

అక్క ముంగిట్లో తిరుగుతున్న జనం వైపు చూస్తూ చెప్పింది. గొంతు మారలేదు. "నాకు తెల్వదా బిడ్డా అన్నడు. తడిసిన పట్టుదారం ముడి ఎట్లుంటదో గుచ్చెటోనికి తెల్వదా అన్నడు. మొదటి పేటకే ఎరుకైందట. కుంకుడుకాయ కోసం సేటు మనింటికి ఎందుకొస్తడు, కన్నెపిల్ల మెడ అంటే వస్తడు, గీ మాట నీ నోట్లె, నా నోట్లె ఉండాలె అన్నడు. చెల్లె బడి నడుస్తున్నది గీ పైసలతోనే గద బిడ్డా అన్నడు."

చెల్లె అంటే నేను. నా బడి, నా పుస్తకాలు, టైపు క్లాసు, ఆ టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగం, ఇప్పుడు మేమిద్దరం తింటున్న పింఛను. బాపు అమాయకుడని, పాతకాలపు మూఢనమ్మకానికి బలయ్యాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. నమ్మి చేసినవాణ్ని క్షమించవచ్చు. ఆయన నమ్మలేదు. తెలిసే చేశాడు. ఆ కాలం మంచిది, ఆ మనుషులు మంచివాళ్లు అని నేనూ అందరిలాగే అంటుంటాను. ఇప్పుడు పత్తర్‌గట్టీ బజారులో చైనా చెరువుల ముత్యాలు బస్తాల్లో దిగుతున్నాయి, ఏ ముత్యానికీ ఏ పిల్ల మెడా అక్కర్లేదు, ఆ కార్డు వేసుకున్న పిల్ల సాయంత్రం స్కూటీ మీద ఇంటికి పోతుంది. పోనీ, బస్తాలే రానీ. చెరువుల ముత్యమే మేలు.

"నా మీద కోపం రాలేదా అక్కా?" అని అడిగాను. రాలేదే పిచ్చిదానా అంటుందని ఆశ. అలా అని ఉంటే అది మా అక్క కాదు.

"ఎందుకు రాదే? మస్తు వచ్చింది" అంది. "నీ పరీక్షలప్పుడు కిటికీ కాడ కూసొని మొక్కుకునేదాన్ని, ఇది ఫేల్ కావాలె తల్లీ అని. ఫేలైతే బడి మానిపిస్తడు, నన్ను ఇడుస్తడు అని. ఎన్నిసార్లు మొక్కినా నువ్వు పాసే అయితుంటివి."

తర్వాత, మోకాళ్లు పట్టేశాయి, లేవడానికి చెయ్యి ఇమ్మంది. ఇచ్చాను.